శ్రుతపాండిత్యానికి నెలవు మన చెన్నపట్నం

శ్రుతపాండిత్యం అనే మాటను ఈ రోజుల్లో మనం కాస్త చిన్నచూపుతో వాడుతున్నాం. చదివి తెలుసుకున్నది కాదు, ఎక్కడో విన్నదేనన్న అర్థంలో. కాని మన అమ్మమ్మల, తాతమ్మల చదువంతా అదే కదా! బడి గడప తొక్కని ఇల్లాలు గుడి మండపంలో పురాణం విని, ధర్మరాజు ఎక్కడ తప్పటడుగు వేశాడో, విదురుడు ఏం హితవు చెప్పాడో పిల్లలకు విప్పి చెప్పగలిగేది. ఆ చదువుకు రుసుము లేదు, హాజరుపట్టీ లేదు, పరీక్ష లేదు. వయసు అడ్డంకి అసలే లేదు.

పల్లెలో మండపం చేసిన పనిని పట్నంలో సభామందిరం చేసింది. ఆ విషయంలో మన చెన్నపట్నానికి ఉన్న వాసి గొప్పది. అందులో తెలుగువారి పాలు కూడా తక్కువది కాదు. సెంట్రల్ స్టేషను దగ్గర ఎర్రగా కనిపించే విక్టోరియా పబ్లిక్ హాలును రోజూ ఎందరో చూస్తూ పోతుంటారు. దానికి 1883లో శంకుస్థాపన చేసినవారు విజయనగరం మహారాజు పూసపాటి ఆనందగజపతి. 1897 ఫిబ్రవరిలో, పాశ్చాత్య దేశాల నుంచి తిరిగివచ్చిన స్వామి వివేకానంద మదరాసులో వరసగా ఉపన్యాసాలిచ్చినప్పుడు ఆ హాలు కూడా ఒక వేదిక అయింది.

మైలాపూరులో ముప్ఫై ఉపన్యాసాలు

వరస ఉపన్యాసమంటే ఎలా ఉండాలో చూపించిన ఘట్టం 1944లో జరిగింది. మదరాసు సంస్కృత అకాడమీ ఆధ్వర్యంలో రైట్ ఆనరబుల్ వి.ఎస్. శ్రీనివాసశాస్త్రి గారు వాల్మీకి రామాయణం మీద మైలాపూరులో ముప్ఫై ఉపన్యాసాలిచ్చారు. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదో ఏడు. ఆయన మాట్లాడింది ఇంగ్లీషులో. రాముణ్ణి దేవుడిగా కాక, కష్టసుఖాలు ఎరిగిన మనిషిగా చూసి ఆ కథను వివరించారు. తర్వాత అవి పుస్తకంగా కూడా వచ్చాయి. ఒకే గ్రంథం గురించి, ఒకే మనిషి, నెలల తరబడి మాట్లాడితే విన్నవారికి కలిగే లోతు ఒక్క సాయంత్రపు సభతో కలగదు.

ఆంధ్ర మహిళా సభ కథ మరో రకం. దుర్గాబాయమ్మ గారు తానే పెద్దయ్యాక చదువు అందుకుని బెనారస్ మెట్రిక్యులేషన్ ప్యాసైన మనిషి. ఆ దారినే, పెళ్ళితోనో, వైధవ్యంతోనో చదువు ఆగిపోయిన స్త్రీలకు మైలాపూరులో తరగతులు పెట్టి అదే పరీక్షకు తయారుచేశారు. వయసు మీరాక చదువేమిటన్న ప్రశ్నకు వారు మాటలతో కాక పనితో జవాబు చెప్పారు.

తెలుగు మరచిన తెలుగువాడు

మదనపల్లెలో 1895లో తెలుగు ఇంట పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారి ప్రసంగాలు అడయారు వైపు వసంతవిహార్‌లో ఏళ్ళ తరబడి చలికాలంలో జరిగేవి. చెట్లకింద, సాయంత్రపు నీడలో, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. ఆయన చివరి బహిరంగ ప్రసంగం 1986 జనవరి 4న అక్కడే జరిగింది. తరువాత ఆరు వారాలకే ఆయన కన్నుమూశారు. వసంతవిహార్‌లో గ్రంథాలయం, అధ్యయన కేంద్రం ఈనాటికీ ఉన్నాయి.

కాని ఒక్క సంగతి మనసును తాకుతుంది. కుర్రవాడుగా ఇంగ్లండు వెళ్ళిన కృష్ణమూర్తి గారు తెలుగు మరచిపోయారు. లోకమంతా చెవులొగ్గి విన్న ఆ కంఠం అమ్మ భాషలో పలకలేకపోయింది. అంతటి మనిషికే ఇలా జరిగితే, పరభాషా బడుల్లో పెరిగే మన పిల్లల సంగతేమిటి?

అసలు సమస్య ఇక్కడే ఉంది. 2006లో వచ్చిన తమిళ విద్యా చట్టంతో తమిళనాడు బడుల్లో ఒకటో తరగతి నుంచి ఏటేటా ఒక్కో తరగతికి తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. ఉన్న ఊరి భాష నేర్వడం మంచిదే, అవసరం కూడా. తమిళం మన ఇరుగుపొరుగు భాష, మన బతుకుతెరువు భాష. కాని తెలుగు బడిలోనూ లేక, ఇంట్లోనూ అక్షరాలు దిద్దించేవారు లేక, మాట్లాడటం వచ్చి చదవడం రాని తెలుగువారు ఇంటింటా తయారయ్యారు. వారిలో చాలామంది ఇప్పుడు ఉద్యోగాలు చేసే పెద్దవాళ్ళు. వారి చేతికి పుస్తకమిస్తే పక్కన పెడతారు. చెవికి అందిస్తే వింటారు. శ్రుతపాండిత్యం మళ్ళీ మనకు పనికివచ్చే కాలం ఇదే.

వినడానికి చోట్లు లేకపోలేదు

డిసెంబరులో మ్యూజిక్ అకాడమీ పొద్దుటిపూట సోదాహరణ ప్రసంగాలకు టికెట్టు అక్కరలేదు. త్యాగరాజస్వామి కృతుల్లోని తెలుగు అక్కడ తరచు చర్చకు వస్తుంది. ఆ మాటల అర్థం తెలిసిన తెలుగువారు మాత్రం ఆ వేళకు ఇంట్లో కాఫీ తాగుతూ కూర్చుంటున్నాం!

ఆగస్టులో మద్రాసు దినోత్సవ సంబరాలు వస్తాయి. 1639 ఆగస్టు 22ను ఈ నగరపు పుట్టినరోజుగా ఎంచి, చరిత్రకారుడు ఎస్. ముత్తయ్య గారు, మరి ఇద్దరు మిత్రులు 2004లో మొదలుపెట్టిన ఈ వేడుక ఇప్పుడు వారాల తరబడి సాగుతోంది. స్వచ్ఛందంగా పనిచేసేవారు ఊరంతా ఉచిత ప్రసంగాలు, పాతవీధుల నడకలు ఏర్పాటు చేస్తుంటారు. ఆ పుట్టినరోజు కథలో దామెర్ల వెంకటాద్రి నాయకుడున్నాడు, ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీద వెలసిన చెన్నపట్నముంది, కుంపిణీవారికి దుబాసీగా నిలిచిన బేరి తిమ్మన్న ఉన్నాడు. ఈ కథ తెలుగులో చెప్పే సభ ఒకటైనా మన పేటలో జరగాలి కదా!

మనమేం చేయవచ్చు?

దీనికి పెద్ద నిధులు అక్కరలేదు. సంఘం హాలు, ఒక మైకు, మంచినీళ్ళు, నెలకొక ఆదివారం చాలు. అయితే కొన్ని పట్టింపులు పెట్టుకోవాలి. అయిదారు నెలలు ఒకే విషయం నడవాలి. ఉపన్యాసం గంట, ప్రశ్నలకు అరగంట. శాలువాలు, పూలదండలు, అధ్యక్షుల తొలిపలుకులు, ముఖ్య అతిథి ఆశీస్సులు కలిసి ముప్పావుగంట మింగేస్తే, అసలు వక్త నోరు తెరిచేసరికి జనం చెప్పులు వెతుక్కుంటారు. అవన్నీ అయిదు నిమిషాలకు కుదించాలి. వచ్చినవారికి ఆనాటి పది కొత్త తెలుగు మాటలు, తమిళ లిపిలోనో ఇంగ్లీషు అక్షరాల్లోనో పక్కన రాసి ఒక కాగితం చేతికివ్వాలి. నెలకు పది మాటలైతే ఏడాదికి నూటఇరవై!

వక్తలకోసం దూరం పోనవసరం లేదు. రిటైరైన ఇంజనీరు, ఆయుర్వేద వైద్యుడు, సంగీతం టీచరు, బ్యాంకు ఆఫీసరు మన సభ్యుల్లోనే ఉన్నారు. వీలునామా ఎలా రాయాలి, చక్కెరజబ్బు ఎలా వస్తుంది, త్యాగయ్య తెలుగు ఎలాంటిది వంటి విషయాలన్నిటికీ చోటుంది. ఒక నెల రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు గారు 1952లో ప్రాణాలర్పించిన చోట, ఇప్పటి స్మారక భవనం దగ్గర అందరం కలుసుకోవచ్చు. మాతృభాష పేరిట ఒక రాష్ట్రాన్ని కోరిన ఆ మనిషి కథను అక్కడే నిలబడి విన్న కుర్రవాడు దాన్ని జీవితాంతం మరచిపోడు.

తాతయ్యలు చెప్పడానికి సిద్ధంగా ఉన్నారు, మనవలు వినగలరు. నడుమనున్న తరం చేయవలసినదల్లా ఆదివారం సాయంత్రం హాలు తలుపు తీసి, కుర్చీలు వేయడమే.