లారీ తలుపు మీద రాసిన అంకెలు

నిజామాబాదు జిల్లాలో లారీతో పని పడని కుటుంబం లేదు. చెరకు, పసుపు, వడ్లు, ఎర్రజొన్న, మన పొలాల్లో పండినది ఏదైనా చివరకు ఒక లారీ మీదనో ట్రాక్టరు మీదనో ఎక్కవలసినదే. మన సంఘాలలో లారీ డ్రైవర్లున్నారు, క్లీనర్లున్నారు. అప్పు చేసి ఒక పాత లారీ కొనుక్కుని, దాని మీదనే పిల్లలను చదివించిన యజమానులూ ఉన్నారు. అయినా లారీ తలుపు పక్కన పెయింటుతో రాసి ఉండే చిన్న చిన్న అంకెలను ఆగి చదివేవారు బహు తక్కువ. వెనుక రాసిన "హారన్ కొట్టుము" మాత్రం అందరికీ కనబడుతుంది.

నంబరు సంగతి మొదట చెప్పుకుందాము. మన జిల్లా బండ్లకు ఉమ్మడి రాష్ట్రంలో ఏపీ 25 అని ఉండేది. 2014లో తెలంగాణ ఏర్పడిన తరువాత టీఎస్ 16 అయినది. 2024 మార్చి నుంచి కొత్తగా రిజిస్టరు అయ్యేవాటికి టీజీ 16 అని ఇస్తున్నారు. కాబట్టి నంబరు పలకను చూస్తేనే బండి వయసు కొంత తెలిసిపోతుంది. దాని కింద, తలుపు పక్కన ఉండేవి అంతకంటె ముఖ్యమైనవి: ఖాళీ బండి బరువు, సరకుతో కలిపి ఉండదగిన మొత్తము బరువు, ఎఫ్.సి. ఏ తేదీ వరకు ఉన్నది, పర్మిటు ఎంతవరకు ఉన్నది. ఇవి అలంకారానికి రాసినవి కావు. ఆ బండి రోడ్డు మీదికి రావడానికి ప్రభుత్వము ఏ షరతుల మీద ఒప్పుకున్నదో అవి చెబుతాయి.

ఎఫ్.సి. అంటే బండి నడవడానికి తగినదని ఇచ్చే ధ్రువపత్రము. 1988లో చేసిన మోటారు వాహనాల చట్టము 1989 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. అందులో 56వ సెక్షను ఒక గట్టి మాట చెబుతుంది. ఎఫ్.సి. లేని కిరాయి వాహనాన్ని అసలు సరిగా రిజిస్టరు అయినట్టే లెక్కపెట్టకూడదు. అంటే నంబరు ఉన్నా లేనట్టే. 2018లో మార్చిన నిబంధన ప్రకారము ఎనిమిదేండ్ల లోపు బండికి రెండేండ్లకు ఒకసారి, ఎనిమిదేండ్లు దాటినదానికి ఏటేటా ఎఫ్.సి. తీసుకోవాలి. పాత బండికి పరీక్ష ఎక్కువ సార్లు అన్నది న్యాయమే గదా.

ఈ పరీక్ష చేసే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరును మన ఊళ్ళలో ఇప్పటికీ "బ్రేక్ ఇన్‌స్పెక్టరు" అనే పిలుస్తారు. ఆ పేరులోనే ఆయన పని ఉన్నది. బ్రేకులు, స్టీరింగు, టైర్లు, దీపాలు, వెనుక ఎర్రగా మెరిసే పట్టీలు, వేగాన్ని అదుపు చేసే పరికరము, ఇవన్నీ ఆయన చూడాలి. 2015 అక్టోబరు తరువాత తయారైన లారీలకు గంటకు 80 కిలోమీటర్లు దాటకుండా ఆపే పరికరము ఉండాలని నిబంధన వచ్చింది. అయితే పరీక్ష రోజున మంచి టైర్లు బదులు తెచ్చి బిగించి, ఇంటికి వచ్చాక విప్పి ఇచ్చేవారు ఉన్నారని లారీ అడ్డాలో ఎవరిని అడిగినా చెబుతారు. కాగితము ఒక్కరోజు సంగతి చెబుతుంది. మిగిలిన మూడు వందల అరవై నాలుగు రోజులు యజమాని చేతిలోనే ఉంటాయి. ఏజెంటు చేతికి డబ్బిచ్చి, బండి తీసుకుపోకుండానే కాగితము తెప్పించుకోవడాన్ని తెలివిగా అనుకునేవారిని చూస్తే మాకు జాలి కలుగుతుంది. ఆ బండి నడిపేది తరచుగా ఆయన కొడుకో తమ్ముడో అయి ఉంటాడు.

ఇక బరువు సంగతి. ఇది మన బోధన్ ప్రాంతానికి బాగా తెలిసిన కథ.

మంజీర మీద నిజాంసాగరు కట్టిన తరువాత ఈ నేలలో చెరకు విస్తారంగా పండింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసింది. ఆసియాలోనే పెద్దదని దానికి ఒకప్పుడు పేరుండేది. గానుగ కాలము వచ్చిందంటే ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు, లారీలు ఒకదాని వెనుక ఒకటి వరుస కట్టేవి. చెరకుకు ఒక గుణమున్నది. నరికిన గడియ నుంచి అది ఎండుతుంది, బరువు తగ్గుతుంది, తీపి తగ్గుతుంది. రైతుకు తూకములో నష్టము, మిల్లుకు పంచదారలో నష్టము. అందుకే అందరికీ తొందర. రెండు ట్రిప్పుల సరకు ఒక్క ట్రిప్పులో వేయాలని, రాత్రికి రాత్రే చేర్చాలని ఆశ. పక్కలకు గడలు పొడుచుకు వచ్చి, వెనుక దీపము కనబడకుండా కప్పేసి, చీకట్లో రోడ్డు పక్కన ఆగిన చెరకు ట్రాక్టరును మోటారు సైకిలు మీద వచ్చేవాడు చివరి క్షణము వరకు గుర్తుపట్టలేడు.

2015 డిసెంబరులో బోధన్ ఫ్యాక్టరీ మూతబడింది. చాలామంది చెరకు మాని వడ్లకు, సోయాకు మారారు. చెరకు వదలనివారికి కామారెడ్డి వైపు మిల్లులే దిక్కయ్యాయి. దూరము పెరిగింది, కిరాయి పెరిగింది. కిరాయి పెరిగిన చోట ఎక్కువ బరువు వేయాలన్న ఆశ కూడా పెరుగుతుంది. ఈ విషయములో తప్పంతా డ్రైవరు మీద వేయడము మాకు సరిగా తోచదు. టన్నుకు ఇంత అని బేరమాడి, పైన ఇంకో రెండు కట్టలు వేయమని కేకవేసేది సరకు యజమానే.

చట్టము మాత్రము స్పష్టంగానే ఉన్నది. రెండు ఇరుసుల లారీ సరకుతో కలిపి 16.2 టన్నులు మించరాదని ఉండేది. 2018 జూలైలో దానిని 18.5 టన్నులకు పెంచారు. మూడు ఇరుసులదానికి 25 నుంచి 28.5 టన్నులు చేశారు. కొన్ని రాష్ట్రాలు ముందుగా రుసుము కట్టించుకుని, అధిక బరువుతో తిరగడానికి కార్డులు ఇస్తూ వచ్చాయి. ఇది చెల్లదని సుప్రీంకోర్టు 2005 నవంబరులో తీర్పు చెప్పింది. జరిమానా కట్టినంత మాత్రాన అదే బరువుతో ముందుకు పోవడానికి వీలులేదు. ఎక్కువైన సరకును అక్కడే దింపాలి. 2019 సవరణ చట్టము ఈ తప్పుకు 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు అని రాసింది. అంతకుముందు ఇది 2,000, టన్నుకు 1,000గా ఉండేది. రోడ్డు ఇరుసు బరువుకు నలుగుతుంది, బ్రేకు దిగుడులో పట్టు తప్పుతుంది. ఇందల్‌వాయి వైపు 44వ జాతీయ రహదారి మీద నడిపే డ్రైవర్లకు ఈ మాట మేము చెప్పనక్కరలేదు.

డ్రైవరు నిద్ర సంగతి కూడా ఒక మాట. మోటారు రవాణా కార్మికుల కోసము 1961లో చేసిన చట్టము రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని హద్దు పెట్టింది. కాని అది ఐదుగురు, ఆపైన పనివారున్న సంస్థలకే వర్తించింది. మన జిల్లాలో ఒక్క లారీ, ఒక్క డ్రైవరు, ఒక్క క్లీనరు ఉన్న యజమానులు ఎందరో. వారి డ్రైవరు ఎంతసేపు మేలుకొని ఉన్నాడో లెక్కరాసే పుస్తకము ఎవరి దగ్గర ఉన్నది? సాలూర దాటి మహారాష్ట్రలోకి పోయి వచ్చే బండిలో ఆ లెక్క అతని భార్యకే తెలుస్తుంది.

ఇప్పుడు మన సంఘాలకు నేరుగా తగిలే విషయానికి వస్తాము. ఇంతవరకు చదవనివారు ఇదైనా చదవాలని మా కోరిక.

ఉజ్జీవ కూటములకు, పెండ్లికి, క్రిస్మస్‌కు మెదకు దేవాలయము చూడడానికి ట్రాక్టరు ట్రాలీలోనో సరకుల ఆటోట్రక్కులోనో ముప్పై నలభై మంది ఎక్కి పోవడము మన పల్లెలలో అలవాటు. 2018 జూన్ 24న యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర కూలికి పోతున్నవారి ట్రాక్టరు ట్రాలీ మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. 2022 మే 8న మన పక్కనే, ఎల్లారెడ్డి ప్రాంతములో హసన్‌పల్లి గేటు దగ్గర సరకుల ఆటోట్రక్కులో వస్తున్నవారు లారీకి ఎదురుపడి 9 మంది ప్రాణాలు పోయాయి. సరకుల బండికి ఎఫ్.సి. ఇచ్చినప్పుడు మనుషులు కూర్చోవడానికి తగునా లేదా అని ఎవరూ చూడరు. పట్టుకోను కమ్మీ ఉండదు, పైన కప్పు ఉండదు.

ప్రమాదము జరిగిన తరువాత మరొక దెబ్బ ఉంటుంది. ఇన్సూరెన్సు ఉన్నది గదా అనుకుంటాము. 1999లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో సరకుల బండిలో ఉచితంగా ఎక్కినవారికి కూడా ఇన్సూరెన్సు కంపెనీ చెల్లించాలని చెప్పింది. 2002 డిసెంబరులో అదే కోర్టు, ఎక్కువమంది న్యాయమూర్తులు కూర్చుని, ఆ మాటను తోసివేసింది. 1994 సవరణ ప్రకారము సరకుతోపాటు పోయే సరకు యజమానికి లేక అతని ప్రతినిధికి మాత్రమే ఆ రక్షణ ఉన్నది. పెండ్లికి పోయేవారు సరకు యజమానులు కారు. 2004 తీర్పు తరువాత కొన్ని కేసులలో కంపెనీ ముందుగా బాధితులకు చెల్లించి, ఆ సొమ్మును బండి యజమాని నుంచి రాబట్టుకోవచ్చునని కోర్టులు ఆదేశించాయి. బాధితులకు అది కొంత మేలే. యజమాని మాటేమిటి?

ఆ యజమాని ఎవరు? మన సంఘ పెద్దే. డీజిలు డబ్బు కూడా తీసుకోకుండా, కూటములకు నా ట్రాక్టరు తీసుకుపోండి అన్న మంచి మనిషి. ఆయన ట్రాక్టరు వ్యవసాయానికని రిజిస్టరు అయినది, ఇన్సూరెన్సు కూడా దానికే. కోర్టు వేసిన లక్షలు కట్టడానికి ఆయన ఎకరము పొలము అమ్ముకోవలసి రావచ్చు. ఒకే సంఘములో ఒక ఇంట చావు, మరొక ఇంట అప్పు. ఆ తరువాత ఆ రెండు ఇండ్లవారు ఆదివారము ఒకే చాప మీద ఎలా కూర్చుంటారో ఆలోచించండి.

అయ్యగారు, సంఘ పెద్దలు కలిసి ముందుగానే తీర్మానించుకుంటే ఇది తప్పించుకోదగినదే. పిల్లలను, ముసలివారిని ట్రాలీ ఎక్కించబోమని ఒక్కమాట చాలు. ప్రైవేటు బస్సు మాట్లాడితే పర్మిటు, ఎఫ్.సి., ఇన్సూరెన్సు మూడూ బయలుదేరే తేదీకి చెల్లుబాటులో ఉన్నాయో లేవో చూడండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. నకళ్ళు తీసుకుని సంఘ కార్యదర్శి దగ్గర ఉంచండి. ఆర్టీసీవారు నిజామాబాదు, బోధన్, ఆర్మూరు డిపోల నుంచి బస్సులు అద్దెకు ఇస్తారు. డబ్బు ముందుగా కట్టాలి. డిసెంబరులో శబరిమలకు పోయేవారూ బస్సుల కోసము అడుగుతారు గనుక క్రిస్మస్ ప్రయాణానికి నవంబరు మొదటి వారములోనే డిపో మేనేజరును కలవడము మంచిది.