రికార్డుకు రెండో వైపు

2003 సెప్టెంబరులో లండన్‌లోని సమకాలీన కళల సంస్థకు చెందిన చిన్న మందిరంలో స్వేడ్ అనే రాక్ సంగీత బృందం ఐదు రాత్రులు కచేరీ చేసింది. రాత్రికొక ఆల్బం చొప్పున, తాము అంతవరకు వెలువరించిన ఐదింటినీ పుట్టిన వరుసలోనే పాడి వినిపించింది. మరుసటి నెలలో ఆ బృందం విజయగీతాలన్నీ ఒకచోట చేర్చిన ‘సింగిల్స్’ అనే సంపుటి మార్కెట్లోకి వచ్చింది. ఆ తర్వాత కొద్ది వారాలకే, ఇక కలిసి పనిచేయబోవడం లేదని బృందం ప్రకటించింది. డిసెంబరు 13న ఆస్టోరియా థియేటరులో ఆఖరి కచేరీ ముగిసింది.

విజయగీతాల సంకలనం అనేది సామాన్యంగా వ్యాపార వస్తువు. కొత్త పాటలు కుదరనప్పుడో, బృందం అలసిపోయినప్పుడో, పండుగ అమ్మకాలు దగ్గరపడినప్పుడో రికార్డు కంపెనీలు ఇలాంటివి తెస్తాయి. కాని స్వేడ్ విషయంలో ఆ ఒక్క డిస్కు వెనుక ఒక స్నేహం, ఒక విభేదం, ఒక పతనం దాగి ఉన్నాయి. అంతకంటె విశేషం, ఏడేళ్ల తరువాత అదే బృందం మరొక సంకలనంతో ఆ కథను తిరగరాసుకోవడం.

బృందనాయకుడు బ్రెట్ ఆండర్సన్ ఇంగ్లండ్ దక్షిణప్రాంతంలోని ససెక్స్ జిల్లాలో ఒక బీద కుటుంబంలో పెరిగాడు. తండ్రి టాక్సీ నడిపేవాడు. చేతిలో డబ్బు లేకపోయినా హంగేరీ సంగీతకారుడు ఫ్రాంజ్ లిజ్ట్ అంటే ఆయనకు ప్రాణం. తన కుమార్తెకు లిజ్ట్ కుమార్తె పేరే పెట్టుకున్నాడు. తల్లి బొమ్మలు గీసేది, పిల్లలకు బట్టలు తానే కుట్టేది. లేమి, కళాతృష్ణ ఒకే కప్పు కింద కాపురమున్న ఇల్లది. స్వేడ్ పాటల మర్మం సగం ఈ ఇంట్లోనే ఉందని చెప్పవచ్చు.

మిగిలిన సగం గ్లామ్ రాక్ నుంచి వచ్చింది. 1970ల ఆరంభంలో మార్క్ బోలన్, డేవిడ్ బౌవీ మెరుపుల దుస్తులు, ముఖాన రంగులు, ఆడో మగో తేల్చిచెప్పలేని వేషభాషలతో బ్రిటిష్ యువతరాన్ని మైమరపించారు. 1972 జూలైలో బౌవీ బి.బి.సి. టెలివిజన్‌లో ‘స్టార్‌మన్’ పాడిన ఆ కొద్ది నిమిషాలు తమ జీవితాన్నే మార్చివేశాయని చెప్పుకునే సంగీతకారులు ఆ దేశంలో ఎందరో ఉన్నారు. ఇరవై ఏళ్ల తరువాత స్వేడ్ ఆ వగలు, ఆ నాటకీయత తీసుకుని వాటిని వెలిసిపోయిన మునిసిపల్ వాటాలలోకి, మత్తుమందుల మగతలోకి, ఊరి చివరి రైల్వేస్టేషన్ల ఒంటరితనంలోకి నడిపించింది. బౌవీ నక్షత్రాల నుంచి దిగివచ్చినవాడిలా కనిపించేవాడు. ఆండర్సన్ మాత్రం పక్కవీధి కుర్రవాడు, కాకపోతే నక్షత్రాల మీద కన్నువేసినవాడు.

1989లో ఆండర్సన్, అతని బాల్యమిత్రుడు మాట్ ఓస్మన్ గిటారు వాయించేవాడు కావాలని ఒక సంగీత వారపత్రికలో ప్రకటన వేయించారు. పంతొమ్మిదేళ్ల బెర్నార్డ్ బట్లర్ జవాబు రాశాడు. (తరువాత హాస్యనటుడుగా ప్రపంచఖ్యాతి పొందిన రికీ జెర్వెయిస్ తొలినాళ్లలో కొంతకాలం వీరి వ్యవహారాలు చూశాడంటే ఇప్పుడు నమ్మడం కష్టం.) 1992 ఏప్రిల్‌లో, ఒక్క రికార్డు కూడా వెలువడకముందే, ‘మెలొడీ మేకర్’ పత్రిక వీరిని బ్రిటన్‌లో అత్యుత్తమ కొత్త బృందంగా ముఖచిత్రంపై కీర్తించింది. మరుసటి నెలలో వచ్చిన మొదటి సింగిల్ ‘ది డ్రౌనర్స్’ అమ్మకాల జాబితాలో 49వ స్థానంతో సరిపెట్టుకుంది. కాని 1993 వసంతంలో వచ్చిన తొలి ఆల్బం నేరుగా ప్రథమస్థానం చేరింది. అదే ఏడు మెర్క్యురీ బహుమతి గెలుచుకుంది. బహుమతి సొమ్మును బృందం కాన్సర్ పరిశోధనకు ఇచ్చివేసింది. ఆండర్సన్ తల్లిని కబళించింది ఆ వ్యాధే.

సింగిల్ అంటే ఏమిటో ఈ తరం పాఠకులకు చెప్పవలసి ఉంటుంది. ఒక వైపు అమ్ముడుపోవలసిన పాట, రెండో వైపు కొనేవాడికి కొసరుగా మరొకటి, అదీ ఈ చిన్న రికార్డు రూపం. మన ఇళ్లలోని పాత సినిమా రికార్డులకూ రెండో వైపు ఉండేది. అందరూ అడిగే పాట అరిగిపోయాక, ఒకనాడు యథాలాపంగా తిప్పి వేస్తే అటువైపు పాటే మనసుకు పట్టుకున్న అనుభవం చాలామందికి ఉండే ఉంటుంది. స్వేడ్ ఈ రెండో వైపును ఎన్నడూ చిన్నచూపు చూడలేదు. ‘ది డ్రౌనర్స్’ వెనుకవైపు వచ్చిన ‘మై ఇన్‌సేషియబుల్ వన్’ను, అప్పటికే లబ్ధప్రతిష్ఠుడైన మోరిసీ అదే సంవత్సరం తన కచేరీలలో పాడాడు. 1997లో ఇలాంటి పాటలు 27 కలిపి ‘సై-ఫై లలబైస్’ అనే జంట డిస్కులుగా తెస్తే, అభిమానులలో ఎందరో దాన్ని అసలు ఆల్బంలకు సాటిగా నిలబెట్టారు. వారి తీర్పు అతిశయోక్తి కాదు.

ఇక విభేదం. 1993లో బట్లర్ తండ్రి మరణించాడు. కీర్తి నెత్తికెక్కుతున్న వేళ ఆ యువకుడు దుఃఖంలో ఒంటరివాడయ్యాడు. రెండవ ఆల్బం ‘డాగ్ మ్యాన్ స్టార్’ తయారవుతున్నప్పుడు నిర్మాత ఎడ్ బల్లర్‌తో అతనికి పొసగలేదు. నిర్మాతనైనా తీసివేయండి, లేదా నేను పోతానన్నంత దాకా వచ్చింది. 1994 జూలైలో బట్లర్ వెళ్లిపోయాడు. మిగిలినవారు ఆల్బం పూర్తిచేశారు. ఆండర్సన్ గొంతు, బట్లర్ గిటారు ఒకదానినొకటి పట్టుకుని వేలాడినట్లుండే ఆ ఆల్బం నేటికీ వారి శిఖరమే. అయితే అందులోని మూడు సింగిల్స్‌లో ఒక్కటీ మొదటి పదిలో చేరలేదు!

బట్లర్ స్థానంలోకి రిచర్డ్ ఓక్స్ అనే పదిహేడేళ్ల విద్యార్థి వచ్చాడు. అభిమాన సంఘానికి అతడు పంపిన టేపు వినిపిస్తుండగా, అది తమ పాత రికార్డింగేమోనని ఆండర్సన్ భ్రమపడ్డాడట. ఆ కుర్రవాడితో 1996లో చేసిన ‘కమింగ్ అప్’ నుంచి ఐదు సింగిల్స్ వస్తే, ఐదూ మొదటి పదిలో నిలిచాయి. తరువాత ఆండర్సన్ మత్తుమందులకు దాసుడై, ఎంతో శ్రమపడి బయటపడ్డాడు. 2002 నాటి ‘ఎ న్యూ మార్నింగ్’ 24వ స్థానం దాటలేదు. ఆ ఆల్బం రాకుండా ఉంటే బాగుండేదని తరువాత అతడే అన్నాడు.

‘సింగిల్స్’ సంపుటిలో 21 పాటలున్నాయి. అవి కాలక్రమంలో లేవు. 1996 నాటి ‘బ్యూటిఫుల్ వన్స్’తో మొదలై, అదే ఆల్బంలోని ‘సాటర్‌డే నైట్’తో ముగుస్తుంది, నడుమ బట్లర్ పాటలు, ఓక్స్ పాటలు పేకముక్కల్లా కలిసిపోయాయి. వినసొంపుగానే ఉంటుంది. తెలియనివారికి స్వేడ్‌ను పరిచయం చేయడానికి ఇంతకంటె సులువైన దారి లేదు కూడా. కాని ఒక గొంతు ఎక్కడ పగిలిందో, ఎక్కడ అతుక్కుందో ఆ వరుసలో వినిపించదు. సంపుటిలో కొత్త పాటలు రెండు చేర్చారు; వాటిలో జీవం తక్కువ. సొంత ఆస్తి జాబితా రాసి, తాళంచెవులు అప్పగించి వెళ్లిపోతున్న ఇంటివారి ధోరణి ఆ డిస్కులో కనిపిస్తుంది.

అయితే ఆస్టోరియా వేదిక మీది నుంచి ఆండర్సన్ ఒక మాట అన్నాడు: స్వేడ్ నుంచి మరో ఆల్బం తప్పక వస్తుంది, కాని ఇప్పుడే కాదని. ఆనాడు దాన్ని సాగనంపేవేళ ఓదార్పుగానే తీసుకున్నవారు ఎక్కువ. మరుసటి ఏడాదే అతడు బట్లర్‌తో రాజీపడ్డాడు. ఇద్దరూ ‘ది టియర్స్’ పేరుతో 2005లో ఒక ఆల్బం చేశారు. అది నిలవలేదు గాని, పదేళ్ల మౌనం తీరింది. 2010 మార్చిలో, కాన్సర్‌తో పోరాడే యువజనుల సహాయార్థం, రాయల్ ఆల్బర్ట్ హాలులో స్వేడ్ మళ్లీ కలిసి పాడింది. గిటారు బట్లర్‌ది కాదు, ఓక్స్‌దే.

ఆ ఏడు నవంబరులో ‘ది బెస్ట్ ఆఫ్ స్వేడ్’ వచ్చింది. ఇందులో డిస్కులు రెండు. మొదటిది షరా మామూలే, సింగిల్స్. రెండవదానిలో మాత్రం జాబితాలకెక్కని ఆల్బం పాటలు, రికార్డుల వెనుకవైపు పాటలు చోటుచేసుకున్నాయి. మార్కెట్టు ఎంచిన పాటలకూ, చేసినవారు ఎంచుకున్న పాటలకూ సమాన ఆసనం వేయడమన్నమాట. వెల పెట్టి కొనదలచిన పాఠకుడు ఒకటే కొనగలిగితే, నా ఓటు దీనికే. రెండవ డిస్కునే ముందు వినమని కూడా చెబుతాను.

2011 మేలో లండన్‌లోని బ్రిక్స్‌టన్ అకాడమీలో వారు మళ్లీ రాత్రికొక ఆల్బం చొప్పున పాడారు. ఈసారి రాత్రులు ఐదు కాదు, మూడే. చివరి రెండు ఆల్బంలనూ పక్కనపెట్టారు. 2013లో, వేదిక మీద మాట ఇచ్చిన పదేళ్లకు, ‘బ్లడ్‌స్పోర్ట్స్’ వెలువడింది. 2020లో మూడో సంకలనం వచ్చింది. దాని తరువాత కూడా ‘ఆటోఫిక్షన్’, 2025లో పదవ ఆల్బం ‘యాంటీడిప్రెసెంట్స్’ వచ్చాయి. 2003 నాటి ‘సింగిల్స్’లో ఉన్నది, ఈనాటి లెక్క ప్రకారం, వారి ప్రయాణంలో మొదటి సగం మాత్రమే. ఆఖరి కచేరీ జరిగిన ఆస్టోరియాను మాత్రం రైలుమార్గం కోసం 2009లోనే పడగొట్టేశారు.