దవడ గడ్డల పటంలో పాలమూరు ఎందుకు లేదు?

1957లో ఉగాండాలోని కంపాలాలో, ములాగో ఆస్పత్రి సర్జన్ డెనిస్ బర్కిట్‌కు ఒక ఐదేళ్ల పిల్లాడిని చూపించారు. పై దవడ, కింది దవడ, కుడి, ఎడమ... నాలుగు చోట్లా గడ్డలే. ఇదేం జబ్బో ఆయనకు అంతుబట్టలేదు. కొద్ది వారాలకే జింజా పట్టణంలో అచ్చం అలాంటి ముఖంతోనే ఇంకో బిడ్డ కనిపించింది. లింఫు కణాల్లో పుట్టే ఈ క్యాన్సర్‌కు తర్వాత ఆయన పేరే స్థిరపడింది: బర్కిట్ లింఫోమా.

చిన్నతనంలోనే ఒక కన్ను పోగొట్టుకున్న ఈ ఐరిష్ డాక్టరు, మిగిలిన కంటితోనే అందరూ వదిలేసినదాన్ని పట్టుకున్నారు. జబ్బు ఏమిటన్నది సరే, అది ఎక్కడెక్కడ ఉందన్నది ఆయన ప్రశ్న. 1961లో ఇద్దరు డాక్టరు మిత్రులతో కలిసి పాత ఫోర్డ్ బండెక్కి, దాదాపు 16,000 కిలోమీటర్లు తిరిగారు. దారిలోని ఆస్పత్రుల్లో పిల్లల ఫొటోలు చూపించి, 'ఇలాంటివాళ్లు మీ దగ్గరకు వస్తారా?' అని అడగడమే పని.

జవాబులన్నీ పటం మీద పెడితే భూమధ్యరేఖకు అటూ ఇటూ ఒక పట్టీ తేలింది. చలికాలంలో 15, 16 డిగ్రీల కంటే చల్లబడే ఎత్తు ప్రదేశాల్లో జబ్బు లేదు. ఏటా 50 సెంటీమీటర్ల వాన కూడా పడని చోట్లా లేదు. వేడి, తడి కలిసి కావలసింది ఎవరికి? దోమకు!

ఇక్కడే మనకో చిక్కు. వనపర్తి జిల్లా శ్రీరంగాపూర్ 16వ అక్షాంశానికి కాస్త పైన, ఆ పట్టీకి దగ్గర్లోనే ఉంది. పాత మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లా సగటు వాన 60 సెంటీమీటర్ల చుట్టూ ఉంటుంది. ఎండల సంగతి చెప్పనక్కర్లేదు. రంగనాయకస్వామి గుడి పక్కన రంగసముద్రం చెరువు, చుట్టూ పొలాలు, దోమలు. బర్కిట్ లెక్క ప్రకారం జబ్బు ఇక్కడా విరివిగా ఉండాలి. కానీ భారతదేశంలో ఇది అక్కడొకటి, ఇక్కడొకటిగా కనిపించే జబ్బే.

ఈ జబ్బు వెనక ఉన్న వైరస్ మన దగ్గర లేక కాదు. 1961లో లండన్‌లో బర్కిట్ ప్రసంగం విన్న ఆంథొనీ ఎప్‌స్టీన్, కంపాలా నుంచి విమానంలో గడ్డల ముక్కలు తెప్పించుకున్నారు. 1964లో బర్ట్ అచాంగ్, ఇవోన్ బార్‌లతో కలిసి వాటిలో ఒక వైరస్‌ను బయటపెట్టారు. అదే ఎప్‌స్టీన్-బార్ వైరస్. అయితే ప్రపంచంలో పెద్దల్లో నూటికి 90 మంది ఒంట్లో అది ఉంటుంది. మన పిల్లలకూ చిన్నప్పుడే సోకుతుంది, చాలామందికి ఏమీ కాదు.

తేడా మలేరియాలో ఉంది. పట్టీలోని పల్లెల్లో పిల్లలకు ఏడాది పొడవునా, మళ్లీ మళ్లీ, ఫాల్సిపారం మలేరియా వస్తుంది. దాన్ని ఎదిరించే బి-కణాలు (లింఫు కణాల్లో ఒక రకం) అదేపనిగా విభజన చెందుతూ ఉంటాయి. ఆ తొందరలో 8వ క్రోమోజోమ్ ముక్క తెగి 14వదానికి అతుక్కుంటే, కణానికి కళ్లెం తెగినట్టే. దక్కన్ పల్లెల్లో మలేరియా చాలావరకు వానాకాలపు జ్వరం. ఇక్కడ దాన్ని మోసే ప్రధాన దోమ క్యులిసిఫేసీస్‌కు మనిషి కంటే పశువు రక్తమే ఇష్టం. ఆఫ్రికా గాంబియే దోమ మనిషినే వెతుక్కుంటుంది. పైగా 1953లో మొదలైన జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం డీడీటీతో ఇంటింటికీ వెళ్లింది.

మన దగ్గర అరుదుగా వచ్చే బర్కిట్ రూపం కూడా వేరు. దవడలో కాకుండా ఎక్కువగా పొట్టలో పుడుతుంది: కడుపు ఉబ్బడం, నొప్పి, ఒక్కోసారి పేగు అడ్డుకోవడం. ఈ గడ్డ కణాలు ఒకటి, రెండు రోజుల్లోనే రెట్టింపు కాగలవు. అందుకే వారాల తరబడి నాటువైద్యం చేయిస్తూ కూర్చోకుండా, హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే లాంటి క్యాన్సర్ ఆస్పత్రికి తీసుకెళ్లాలి. అంత వేగంగా పెరిగేది మందుకూ అంతే వేగంగా కరుగుతుంది. ఆఫ్రికాలో బర్కిట్ ఒకటి, రెండు డోసుల సైక్లోఫాస్ఫమైడ్‌తోనే కొందరు పిల్లల్ని బాగుచేశారు. ఇప్పుడు కీమో మొదలుపెట్టే ముందు సెలైన్ ఎక్కించి, రక్తంలో యూరిక్ యాసిడ్ చూస్తారు. గడ్డ ఒక్కసారిగా కరిగితే ఆ వ్యర్థమంతా కిడ్నీల మీద పడుతుంది మరి.