ఇంజిన్ ఐడిలింగ్ ఎందుకు తప్పుతుంది?

యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ ఆగిపోకుండా తనంతట తాను తిరిగే వేగాన్ని ఐడిలింగ్ అంటారు. అది పడిపోయినా, బండి వణికినా చాలామంది మొదట స్క్రూ తిప్పుతారు. జబ్బేమిటో తెలుసుకోకుండా జ్వరం మాత్ర మింగడం లాంటిది ఇది. అసలు కారణం పట్టుకునే పద్ధతిని ఒక పాత స్పోర్ట్స్ కారు ఉదాహరణతో వివరిస్తాను.

జపాన్‌కు చెందిన మాజ్డా కంపెనీ 1989లో అమెరికాలోని షికాగో మోటారు ప్రదర్శనలో ఎంఎక్స్-5 అనే రెండు సీట్ల కారును చూపించింది. 2016 నాటికి ఈ పేరుతో పది లక్షల కార్లు తయారయ్యాయి. మొదటి తరంలోని 1.6 లీటర్ల, నాలుగు సిలిండర్ల ఇంజిన్ వేడెక్కాక నిమిషానికి సుమారు 850 చుట్లు తిరగాలి. ఆ బండ్లలో చాలావాటికి ఇప్పుడు ముప్పై ఏళ్లు దాటాయి. రబ్బరు ఎండిపోవడం, మసి పేరుకోవడం సహజం.

మొదట ఇంజిన్ బాగా వేడెక్కనిచ్చి, ఏసీ, లైట్లు ఆపి, చెవి పెట్టి వినాలి. శబ్దం తెగితెగి వస్తే ఏదో ఒక సిలిండర్ మిస్ అవుతున్నట్లు. సమంగానే ఉండి వేగం తగ్గినా, పైకీ కిందికీ ఊగినా గాలి సంగతి చూడాలి.

మిస్ అయ్యే సిలిండర్‌ను కనుక్కోవడానికి, ఇంజిన్ తిరుగుతుండగా ఇంజెక్టర్ల కనెక్టర్లను ఒక్కొక్కటిగా తీసి మళ్లీ పెట్టాలి. తీసినా వేగంలో మార్పు రాలేదంటే ఆ సిలిండర్ ముందే పని చేయడం లేదన్నమాట. ప్లగ్గు వైరు మాత్రం ఇంజిన్ తిరుగుతుండగా లాగకూడదు, గట్టిగా షాక్ కొడుతుంది. ఈ ఇంజిన్‌లో 1, 4 సిలిండర్లకు ఒక కాయిల్, 2, 3 సిలిండర్లకు మరొకటి ఉంటాయి. జత మొత్తం చచ్చిపోతే కాయిల్‌ను, ఒక్కటే చచ్చిపోతే ప్లగ్గు, వైరు, ఇంజెక్టర్‌లను అనుమానించాలి. ఇంజిన్ ఆపి వైర్లు, ప్లగ్గులు అటూఇటూ మార్చి చూస్తే లోపం కూడా వాటితోపాటు వెళుతుంది. అప్పటికీ తేలకపోతే నాలుగు సిలిండర్ల కంప్రెషన్ పోల్చాలి.

ఇక గాలి విషయం. లోపలికి వచ్చే గాలిని ఒక రేకు తలుపు కొలుస్తుంది. కంప్యూటర్ ఆ లెక్క ప్రకారమే పెట్రోలు ఇస్తుంది. ఆ తలుపు దాటాక ఎక్కడ పగులున్నా దొంగగాలి చొరబడి లెక్క తప్పుతుంది. ఇంజిన్ ఆయిల్ మూత వదులైనా ఐడిలింగ్ పడిపోతుందంటే ఆశ్చర్యంగా ఉంటుంది! కాబట్టి మూత, డిప్‌స్టిక్, పెద్ద రబ్బరు గొట్టం, చిన్న గొట్టాలు అన్నీ చూడాలి. ఒక గొట్టాన్ని నొక్కిపట్టగానే ఐడిలింగ్ మారితే దోషం ఆ దారిలోనే ఉండవచ్చు. తరువాత థ్రాటిల్‌లోనూ, ఐడిలింగ్ వాల్వులోనూ పట్టిన మసిని శుభ్రం చేయాలి.

అన్నీ సరిచేశాకే స్క్రూ. అప్పుడు కూడా డయాగ్నసిస్ పెట్టెలో టెన్, గ్రౌండ్ అనే రెండు పిన్నులను వైరుతో కలిపి, టైమింగ్ 10 డిగ్రీలు ఉందని చూసుకొని, 850 దగ్గర నిలపాలి. కారణం ఉండగానే స్క్రూ తిప్పితే లోపం దాగుతుందే తప్ప పోదు.

ఈ కారు మన ఊళ్లకు రాకపోవచ్చు, కానీ పద్ధతి ఏ ఇంజిన్‌కైనా ఒక్కటే. మా నాన్న ఆటో నడుపుతారు. "ఇది మార్చు, అది మార్చు" అన్న ప్రతిసారీ రెండు రోజుల కిరాయి పోవడం నేను చూశాను. మన తమ్ముళ్లలో ఐటీఐకి, పాలిటెక్నిక్‌కి వెళ్లేవారు ఎందరో ఉన్నారు. రేపు మీ ముందుకు వచ్చే బండి ఒక కుటుంబానికి కూడు పెట్టేది కావచ్చు. ఖర్చు లేని పరీక్ష ముందు చేయండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. రుజువు దొరికాకే సామాను కొనిపించండి.