మైస్టర్ ఎక్‌హార్ట్: ‘దైవకుమారుడు’ అన్న మాటకు ఒక మార్మిక వ్యాఖ్యానం

హజ్రత్ ఈసా (అలైహిస్సలాం)ను క్రైస్తవులు దైవకుమారుడంటారు. అల్లాహ్‌కు సంతానాన్ని అంటగట్టడాన్ని దివ్య ఖుర్ఆన్ ఖండించింది గనుక మన పరిశీలన సాధారణంగా అక్కడితో ముగుస్తుంది. కాని అదే మాటకు ఒక క్రైస్తవ గురువు మరో అర్థం చెప్పి, తన మతాధికారుల ఆగ్రహానికి గురైన వృత్తాంతం మనలో చాలామందికి తెలియదు.

ఆయన పేరు ఎక్‌హార్ట్. సుమారు 1260లో జర్మనీలోని తురింగియా ప్రాంతంలో జన్మించాడు. డొమినికన్ సన్యాసి. పారిస్ విశ్వవిద్యాలయంలో రెండు పర్యాయాలు ఆచార్య పీఠాన్ని అధిష్ఠించినందున ‘మైస్టర్’, అంటే ఆచార్యుడు, అన్న బిరుదు పేరులో కలిసిపోయింది. పండితుల కోసం లాటిన్‌లో గ్రంథాలు రాశాడు. సన్యాసినులకూ సామాన్యులకూ మాత్రం వారి జర్మన్ భాషలోనే ఉపదేశించాడు. చిక్కంతా ఇక్కడే వచ్చింది.

కుమారుని జననం బేత్లెహేములో ఒకనాడు జరిగి ముగిసిన సంఘటన మాత్రమే కాదని ఆయన బోధ. ఆ జననం నిత్యం జరుగుతూనే ఉంటుంది. అది నా ఆత్మలో జరగకపోతే నాకు దానివల్ల ప్రయోజనమేమిటని ఆయన ప్రశ్న. అందుకు ఆత్మ ఖాళీ కావాలి. ధనాశ, కీర్తికాంక్ష పోతే చాలదు. నా పుణ్యం, నా సాధన అన్న భావన సైతం తొలగాలి. ఫలితాన్ని ఆశించి భగవంతుణ్ణి సేవించేవాడు వర్తకుడే తప్ప భక్తుడు కాడంటాడు. ఇది చదివినప్పుడు స్వర్గాశతోనో నరకభయంతోనో కాక అల్లాహ్ కోసమే ఆరాధించాలన్న హజ్రత్ రాబియా బస్రీ తలపుకు రాక మానరు.

మరొక అడుగు ముందుకు వేసి, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అన్న భేదాలకు ఆవల నామరూపాలు లేని ఏకత్వం ఉందని, దానిని ‘దైవత్వం’ అనాలని ఆయన చెప్పాడు. సూఫీలు ‘జాత్’కూ ‘సిఫాత్’కూ మధ్య చూపే తేడా పాఠకులకు ఇక్కడ గుర్తుకు రావచ్చు. అయితే తొందరపడి ఆయనను మనవాడని చెప్పుకోవడం న్యాయం కాదు. ఆయన త్రిత్వాన్ని త్యజించలేదు, అవతార విశ్వాసాన్ని విడువలేదు. ఇబ్నె సీనా గ్రంథాలను లాటిన్ అనువాదాల్లో చదివి, అవిసెన్నా అన్న పేరుతో ఉదహరించిన మాట నిజమే. కాని తౌహీద్‌కూ ఆయన బోధకూ నడుమ ఉన్న దూరం ఆ ఉదాహరణలతో చెరిగిపోదు. పైగా కుమారత్వాన్ని ఆయన తీసివేయలేదు, ప్రతి ఆత్మకూ విస్తరింపజేశాడు. మన దృష్టిలో ఇది సమస్యను తగ్గించదు, పెంచుతుంది.

ఆయన మతాధికారులకూ అలాగే తోచింది, కారణం వేరైనా. 1326లో కొలోన్ ఆర్చిబిషప్ విచారణ ప్రారంభించాడు. మంచి మనిషి మంచివాడైనంత మేరకే తాను కుమారత్వం చెప్పానని, సృష్టిని సృష్టికర్తతో సమానం చేయలేదని ఎక్‌హార్ట్ సమాధానమిచ్చాడు. పొరపాటు బుద్ధికి సంబంధించింది, మతద్రోహం సంకల్పానికి సంబంధించింది. కనుక నేను పొరబడవచ్చునేమో గాని ద్రోహిని కాజాలనన్నది ఆయన వాదం. నాకిది ఆ విచారణ మొత్తంలో అతి విలువైన మాటగా కనిపిస్తుంది. 1327 ఫిబ్రవరిలో కొలోన్‌లో జనం ఎదుట నిలబడి, తన బోధలో తప్పు రుజువైతే ఉపసంహరించుకుంటానని ప్రకటించాడు. పోపుకు అప్పీలు చేసుకుని, అప్పట్లో పోపు నివసించిన అవిన్యోన్‌కు వెళ్లాడు. తీర్పు వెలువడక మునుపే మరణించాడు.

1329 మార్చి 27న పోపు 22వ జాన్ తీర్పు వెలువడింది. 28 వాక్యాలను ఎత్తి చూపి, 17 మతవిరుద్ధమని, 11 అనుమానాస్పదమని నిర్ణయించారు. తండ్రి తన కుమారునికిచ్చినదంతా నాకూ ఇచ్చాడన్న భావం గల వాక్యం వాటిలో ఒకటి. ఇవన్నీ అమాయక జనం ముందు పలికాడన్నది మరో అభియోగం. 922లో బాగ్దాదులో మరణశిక్షకు గురైన మన్సూర్ హల్లాజ్ విషయంలోనూ, రహస్యాన్ని బహిరంగంగా పలకడమే ఆయన తప్పన్నవారు సూఫీలలో ఉన్నారు.

ఇంతకూ ఆయన జనాన్ని ఏకాంతంలోకి పొమ్మన్నాడా? లేదు. ఇంజీలులో మార్త, మరియ అని ఇద్దరు అక్కచెల్లెళ్ల కథ ఉంది (ఈ మరియ హజ్రత్ మర్యం కాదు). అతిథిగా వచ్చిన ఈసా పాదాల చెంత చెల్లెలు కూర్చుంటే, అక్క వంటపనిలో మునిగింది. చెల్లెలిదే ఉత్తమ మార్గమని క్రైస్తవ వ్యాఖ్యాతలు చెబుతూ వచ్చారు. ఎక్‌హార్ట్ మాత్రం అక్కనే మెచ్చుకున్నాడు: మరియ ఇంకా నేర్చుకుంటున్నది, మార్త నేర్చుకుని పనిలోకి దిగింది. తన్మయత్వం కంటే మెలకువే మేలన్న జునైద్ బాగ్దాదీ మార్గాన్ని ఎరిగినవారికి ఈ వ్యాఖ్య కొత్తగా తోచదు.

తీర్పు తరువాత కూడా ఆయన ఉపదేశాలు చాలాకాలం పేరు లేని ప్రతులుగా చేతులు మారాయి. ఆ ప్రతులను రాసి దాచుకున్నవారిలో సన్యాసినులూ ఉన్నారు.