మిలాను నగరమున ఒక దినము

ఇటలీ దేశపు ఉత్తరభాగమున, ఆల్ప్సు పర్వతములకు దిగువనున్న మైదానమునందు మిలాను అను మహానగరము కలదు. రోము, వెనిసు నగరముల కీర్తిని మన సోదరీమణులు వినియే యుందురు. మిలాను వర్తకమునకును, యంత్రశాలలకును, నూతన వస్త్రాలంకారములకును పేరు మోసినది. మా మఱది అచ్చట చదువుకొనుచుండుటచేత, గడచిన వేసవి సెలవులలో మే మిరువురమును ఆ నగరమునకు పోవుట తటస్థించినది. అందొక దినమును కాలినడకకును ట్రాములకును కేటాయించి, ఆ యూర స్త్రీల చేతిపనియు స్త్రీల విద్యయు ఎచ్చటెచ్చట కనబడునో వెదకి చూచితిమి. చూచినంతలో మన గృహిణులకు చెప్పదగినవని తోచిన విషయముల నిచ్చట వ్రాయుచున్నాము.

మొదట ట్రామును గూర్చి చెప్పవలెను. మిలానులో విద్యుచ్ఛక్తిచే నడచు ట్రాములు 1893వ సంవత్సరమున మొదలైనవి. మన చెన్నపట్టణమునకు 1895లోనే అవి వచ్చినవి గాని, 1953లో నిలిచిపోయినవి. వానిని గూర్చి మా అమ్మమ్మ చెప్పగా వినుటయే గాని మే మెఱుగము. మిలానువారు మాత్రము తమ ట్రాములను విడువలేదు. 1928వ సంవత్సరపు నమూనా ననుసరించి చేసిన పాతబండ్లు నూటికి పైగా నేటికిని ఆ వీధులలో గంట మ్రోగించుకొనుచు తిరుగుచున్నవి. లోపల ఇరుప్రక్కల పొడవునను కఱ్ఱబల్లలు. కూర్చున్నవారి మొగములు ఎదురెదురుగా నుండును. ఒక్క టిక్కెట్టు కొన్నచో 90 నిమిషములవఱకు ఒక బండి దిగి మఱియొక బండి నెక్కవచ్చును. మా యెదుట నొక వృద్ధురాలు ఆకుకూరల సంచి నొడిలో నుంచుకొని కూర్చుండెను. మాకు ఆమె భాష రాదు, ఆమెకు మా భాష రాదు. అయినను మా చీరె యంచును చూచి ఆమె నవ్వినది, మేమును నవ్వితిమి.

నగరమునకు నడిబొడ్డున దువోమో అను ప్రధాన క్రైస్తవాలయము కలదు. 1386లో ప్రారంభించిన యీ కట్టడమునకు కడపటి ద్వారము 1965లో గాని అమరలేదు. ఎందఱు తాతలు మొదలిడిన పనిని ఎందఱు మునిమనుమలు కొనసాగించిరో యోచింపుడు! దీనికి 135 శిఖరములు. మూడువేలకు పైబడిన విగ్రహములు. అన్నిటికంటె నెత్తైన శిఖరముపై 1774లో నిలిపిన మేరీమాత బంగారుపూత విగ్రహము, నేలకు 108 మీటర్ల యెత్తున మెఱయుచుండును. ఊరివారు ముద్దుగా దానిని మదొన్నీనా యందురు. లోనికి పోవువారు భుజములు కప్పుకొనవలెనని నియమము. చీరె కట్టిన మాకు కావలివారు వేఱుగా చెప్పవలసిన పని లేకపోయెను. దాని చెంతనే గాజుకప్పు వేసిన గొప్ప అంగడివీధి యున్నది. దానిని నిర్మించిన మెంగోని అను శిల్పి, పని ముగియవచ్చు తరుణమున, 1877వ సంవత్సరపు చివర పరంజామీదినుండి పడి మరణించెను. లోపలి దుకాణముల ధరలు చూచి బయటినుండియే తృప్తి పొందితిమి.

నడచి యలసినవారికి ఆ నగరమున దాహబాధ లేదు. వీధి మూలలందు ఆకుపచ్చని యినుపస్తంభములు కలవు. వాని కమర్చిన యిత్తడి నోటినుండి మంచినీరు నిరంతరము ధారగా పడుచుండును, ఎవరైనను త్రాగవచ్చును. ఆ ధార కన్నీటివలె ఎడతెగక కాఱుచుండుటచేత వానికి అచ్చటివారు చిన్న విధవలని పేరు పెట్టినారట. ఊరి దాహము తీర్చుదానికి ఆ పేరేమని మా మనస్సు చివుక్కుమన్నది. పదిమందికి వండిపెట్టి, పురుళ్లు పోసి, రోగులకు సేవచేసియు, పేరునందు మాత్రము దుఃఖమునే మోయు స్త్రీలను మన యిండ్లలోను చూచియున్నాము గదా.

అచ్చటినుండి 16వ సంఖ్య ట్రామునెక్కి శాంతా మరియా దెల్లె గ్రాత్సియె అను మఠమునకు పోయితిమి. అచ్చటి సన్యాసుల భోజనశాల గోడమీద లియొనార్దో దా వించి 1495 మొదలు 1498 వఱకు క్రీస్తు కడపటి విందును చిత్రించెను. తడిసున్నముమీద గాక ఆఱిన గోడమీద వ్రాయుటచే ఆ రంగులు కొలదికాలమునకే పొరలు పొరలుగా రాలసాగినవి. 1943 ఆగష్టులో బాంబులు పడి ఆ శాల పైకప్పు కూలినను, ఇసుకబస్తాలు పేర్చి కాపాడిన చిత్రపుగోడ నిలిచినది. తరువాత పినీన్ బ్రాంబిల్లా బార్చిలోన్ అను స్త్రీ, ఇరువది సంవత్సరములకు పైగా సూక్ష్మదర్శిని సాయముతో, పూర్వులు పూసిన పైరంగులను తొలగించి, 1999లో ఆ పనిని ముగించెను. ముందుగా దినమును గడియను నిర్ణయించుకొన్నవారినే, కొద్దికొద్దిమందిగా, 15 నిమిషములు మాత్రము లోనికి పోనిత్తురు. చిత్రకారుడు మూడు నాలుగేండ్లలో వ్రాసినదానిని నిలుపుటకు ఒక స్త్రీకి అంతటి దీర్ఘకాలము పట్టెను. ముగ్గు పెట్టుటకంటె చెదరిన ముగ్గును సరిదిద్దుట కష్టమని మన మెఱుగనిదా?

మధ్యాహ్న భోజనమున ఆ యూరి ప్రసిద్ధ వంటకమును గూర్చి విచారించితిమి. అది కుంకుమపువ్వు వేసిన అన్నము. పొట్టిబియ్యమును వెన్నలో వేయించి, మనవలె ఎసరు ఒక్కసారిగా పోయక, మరుగుచున్న రసమును గరిటెడు గరిటెడుగా చేర్చి కలుపుచు, చివర జున్నువంటి చీజును వేయుదురు. ఆ రసము సాధారణముగా మాంసరసమై యుండును. ఎముకలలోని మూలుగును కూడ చేర్చుట ఆచారము. కావున శాకాహారులు ముందే యడిగి తెలిసికొనవలెను. మేము కూరగాయల రసముతో చేయించుకొని తింటిమి. చూచుటకు మన పొంగలివలె నున్నది గాని బియ్యపుగింజలో కొంచెము పలుకు విడువరు.

పిమ్మట 2వ సంఖ్య ట్రాములో నావీల్యో గ్రాందె అను కాలువకు పోయితిమి. 1177లో త్రవ్వ నారంభించిన ఈ కాలువ పొడవు సుమారు 50 కిలోమీటర్లు. దువోమో కట్టుటకు కావలసిన గులాబిఛాయ పాలరాయి, కాండోల్యా గనులనుండి సరస్సును, ఏటిని దాటి ఈ నీటిమీదుగానే పడవలలో వచ్చినది. కాలువ యొడ్డున నొక సందులో పెంకులకప్పు క్రింద పాత చాకిరేవు నిలిచియున్నది. ఏటవాలు రాతిపలకలు వరుసగా నున్నవి. ఇరువదవ శతాబ్దపు నడిమివఱకును స్త్రీలు ఇచ్చట మోకాళ్లపై వంగి, చలికాలపు నీటిలో చేతులుంచి, పరుల బట్టలుతికిరి. రాళ్లు నునుపుదేఱియున్నవి. నేడు చుట్టును ఫలహారశాలలు. పడుచువారు నవ్వుచు ఛాయాచిత్రములు తీసికొనుచున్నారు. దువోమో శిల్పములను చూచినంతసేపును ఈ రాళ్లను చూచితిమి. శిల్పి ఉలితో చెక్కినాడు. వీరు అఱచేతులతో అరగదీసినారు.

అచ్చటికి కొంతదూరమున సొలారి వీధిలో కార్మికులకై కట్టిన యిండ్లున్నవి. 1908లో మరియా మాంటిస్సోరి పద్ధతిపై మిలానులో తొలి శిశుగృహము ఇచ్చటనే తెఱువబడినది. దానికి ముందటి సంవత్సరము ఆమె రోములో మొదటిదానిని స్థాపించెను. పిల్లల యెత్తునకు సరిపడు బల్లలు, పిల్లలు తామే తీసి సర్దుకొనదగిన వస్తువులు, దండనము లేని చదువు ఆమె పద్ధతికి ముఖ్యములు. ఆ మహనీయురాలు 1939లో మద్రాసునందలి అడయారునకు వచ్చి, యుద్ధకాలమంతయు మన దేశముననే యుండి ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చెను. మా యింటివారు ఉపాధ్యాయులు గాన ఆ యింటియెదుట చాలసేపు నిలువబడిరి.

సాయంకాలము 9వ సంఖ్య ట్రాములో పోర్తా రొమానా వైపునకు పోయితిమి. అచ్చట మరియా గయెతానా ఆన్యేసి పేరిట నొక వీధి కలదు. ఈమె 1718లో మిలానులోనే జన్మించి, బడికి పోకయే యింటియొద్ద గురువులవలన చదువుకొన్నది. తొమ్మిదవయేట, స్త్రీలకు ఉన్నతవిద్య తగునని లాటిను భాషలో నుపన్యసించినది. తన తమ్ములకును చెల్లెండ్రకును తల్లివలె నుండి, 1748లో గణితశాస్త్రమున రెండు సంపుటముల గొప్ప గ్రంథము ప్రకటించినది. పండితులు లాటినులో వ్రాయు కాలమున ఆమె తన దేశపు యువజనుల కొఱకు దేశభాషలోనే వ్రాసినది. అందు వర్ణించిన యొక వక్రరేఖ పేరును ఆంగ్లానువాదకుడు పొరబడి మంత్రగత్తె యని చదువుటచే, నేటికిని ఆంగ్లగ్రంథములలో దానికి ఆన్యేసి మంత్రగత్తె యనియే పేరు! తండ్రి మరణానంతరము ఆమె శాస్త్రమును విడిచి దరిద్రులకును వృద్ధులకును సేవచేసి 1799లో కాలము చేసినది. ఆమెకు వేఱు సమాధి కూడ లేదు.

ఈ వృత్తాంతము మాకు పరాయిదిగా తోచలేదు. మేమును బడి మెట్లెక్కక, మా తండ్రిగారియొద్ద భారతమును, రఘువంశమును చదువుకొన్నవారమే. మా పెద్దమ్మాయి ఈ యేడు పదవతరగతి ముగించి, గణితమే చదువుదునని పట్టుపట్టినది. దానికి మంచి కళాశాల పరాయియూర నున్నది. ఆడుపిల్లను అంతదూరము పంపుట యేల, దగ్గఱలో దొరకిన చదువేదో చదివించరాదా యని పెద్దలు కొందఱు ప్రేమతోనే చెప్పుచున్నారు. ఇంటి చదువు ఆన్యేసి కెంత మేలు చేసినదో మేమెఱుగుదుము. కాని ఆమె తండ్రి కలవాడు గాన గురువులను ఇంటికే రప్పించెను. అట్టి గురువులు మన వాకిటికి రానప్పుడు మన బిడ్డయే వారియొద్దకు పోవలెను గదా.

అచ్చట మే నెలాఖరున రాత్రి తొమ్మిదిగంటలు కావచ్చినను వెలుతురు పోదు. ఆ వెలుతురులోనే బసకు నడచుచు మే మిరువురమును ఈ సంగతి మాటలాడుకొని, అమ్మాయిని పంపుటకు నిశ్చయించుకొంటిమి. దాని పెట్టెలో మా తండ్రిగారి భారతమొకటి యుంచెదము. గణితగ్రంథములు అదియే కొనుక్కొనును. మీ యిండ్లలోను ఇట్టి పట్టుదల గల పిల్లలుందురు. వారి మాటను తోసివేయుటకు ముందు, ఒక్క సాయంకాలము వారిచెంత కూర్చుండి పూర్తిగా వినుడని సోదరీమణులను కోరుచున్నాము.