దూరపు కంప్యూటరు పలుకనప్పుడు

ఒకచోట కూర్చుండి మరియొకచోట నున్న కంప్యూటరును నడపుట నేడు వింత కాదు. హైదరాబాదు కార్యాలయములోని యంత్రమును గుంటూరులోని ఇంటినుండి తెరచి పని చేసికొనువారు కలరు. విదేశమందున్న కుమారుడు తల్లిదండ్రుల కంప్యూటరును అచ్చటినుండియే చక్కదిద్దుచున్నాడు. ఈ ఏర్పాటునకు రిమోట్ డెస్క్‌టాప్ అని పేరు. పని సాగినంతకాలము దీనిని గూర్చి ఎవరును ఆలోచింపరు. సంబంధము కుదరలేదను వాక్యము తెరమీద కనబడిన నాడు మాత్రము ఏమి చేయవలెనో తోచదు. అట్టి సమయమున లోపమును ఏ క్రమమున వెదకవలెనో, తొందరపాటున ఏది చేయరాదో ఈ ప్రసంగమున మనవి చేయదలచితిమి.

ముందుగా ఇది పని చేయు తీరును తెలిసికొందము. దూరపు యంత్రము తన తెరమీది బొమ్మను మనకు పంపును. మనము నొక్కిన మీటలును, మౌసు కదలికలును అచ్చటికి పోవును. అసలు పని యంతయు అచ్చటనే జరుగును. మైక్రోసాఫ్టు సంస్థ 1998లో తన విండోస్ ఎన్.టి. టెర్మినల్ సర్వరుతో ఈ సౌకర్యమును కల్పించినది. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్.పి. ప్రొఫెషనల్‌తో ఇది బల్లమీది కంప్యూటర్లకును వచ్చినది. కంప్యూటరులోని ప్రతి సేవకును పోర్టు అను ద్వారసంఖ్య యొకటి యుండును. ఈ సేవకు నియమింపబడిన సంఖ్య 3389. ప్రసారము సాగుచున్నను, మన రేడియో బాగుగనే యున్నను, ముల్లు సరియైన అంకెమీద నిలువనిదే పాట వినబడదు గదా! ఇచ్చటను అంతియే.

మన యంత్రము, మన రౌటరు, నడుమనున్న ఇంటర్నెట్టు, అవతలి రౌటరు, దూరపు యంత్రమునకు కాపలాయైన ఫైర్‌వాల్, రిమోట్ డెస్క్‌టాప్ సేవ, చివరకు మన పేరును పాస్‌వర్డును సరిచూచు ఏర్పాటు, ఇవి యన్నియు ఒక గొలుసులోని కడియములు. ఏ కడియము ఊడినను ఫలము ఒక్కటే, పని ఆగిపోవును. కాని ఆగిపోయిన తీరు ఒక్కటి కాదు. దానిని గమనించినచో సగము శ్రమ తీరును.

ఒక ఇంటికి పోయి తలుపు తట్టితిమి అనుకొందము. లోపలినుండి ఏ సమాధానమును రాకపోవచ్చును. "మీరడుగువారు ఇచ్చట లేరు" అని వెంటనే చెప్పవచ్చును. లేదా తలుపు తీసి, "మీరెవరో మేమెరుగము" అనవచ్చును. కంప్యూటరును ఈ మూడు విధములుగనే బదులిచ్చును. చాలసేపు నిరీక్షించిన పిదప విఫలమగుట మౌనము. త్వరగా త్రోసిపుచ్చుట నిరాకరణము. పాస్‌వర్డు అడిగి, దానిని ఒప్పుకొనకుండుట అపరిచయము. ఈ మూడింటికిని కారణములు వేరు, చికిత్సలు వేరు.

మౌనమును ముందు తీసికొందము. మన ఇంటర్నెట్టు పని చేయుచున్నదా? మరియొక పుటను తెరచి చూచిన తెలియును. కార్యాలయపు యంత్రమైనచో వి.పి.యన్. అను రక్షితమార్గమును కలుపుకొంటిమా? ఇండ్లనుండి పని చేయువారు తరచుగా మరచునది ఇదియే. అటుపిమ్మట దూరపు యంత్రము మేలుకొనియున్నదా యని విచారింపవలెను. కొంతసేపు ఎవరును ముట్టనిచో యంత్రము దానంతట అదియే నిద్రపోవునట్లు అమరిక యుండును. నిద్రించు యంత్రము తలుపు తీయదు. అచ్చట నున్నవారికి ఒకసారి టెలిఫోను చేసి అడుగుట గంటసేపు పరీక్షలు చేయుటకంటె మేలు.

చిరునామాను గూర్చియు ఒక మాట. ఇంటిలోని రౌటరు ఒక్కొక్క యంత్రమునకు ఒక్కొక్క అంకెల చిరునామా నిచ్చును. నిన్నటి చిరునామా నేడు మారియుండవచ్చును. యంత్రము పేరుతో కుదరనప్పుడు అంకెలతో ప్రయత్నింపవలెను. అంకెలతో కుదిరినచో లోపము పేరును అంకెలుగా మార్చు ఏర్పాటులోనిదని తేలును. 192.168 అని మొదలగు చిరునామా ఆ ఇంటి లోపల మాత్రమే చెల్లును. "మా వీధిలో మూడవ ఇల్లు" అన్నచో ఆ వీధివారికే తెలియునుగాని పొరుగూరివారికి తెలియదు గదా! కావున బయటి ఊరినుండి ఆ అంకెలను నేరుగా వాడిన ప్రయోజనము లేదు.

"పింగ్" అను పరీక్షకు జవాబు రాకపోయినంతమాత్రమున యంత్రము ఆగిపోయినదని తలపరాదు. ఫైర్‌వాల్ ఆ ప్రశ్నకు బదులీయకుండునట్లు ఏర్పరుపబడి యుండవచ్చును. ద్వారమునే తట్టి చూచుట మేలు. విండోసులోని పవర్‌షెల్‌లో "టెస్ట్-నెట్‌కనెక్షన్" అను ఆదేశమునకు యంత్రము పేరును, 3389 అను పోర్టు సంఖ్యను జోడించి అడిగినచో, ద్వారము తెరచియున్నదో లేదో తెలియును.

ఇక నిరాకరణము. యంత్రమువరకు మన పిలుపు చేరినది, ఆ ద్వారమున మాత్రము పలుకువారు లేరని దీనికి సాధారణముగా అర్థము. దూరపు యంత్రము అమరికలలో రిమోట్ డెస్క్‌టాప్ అనుమతింపబడినదా యని చూడవలెను. విండోస్ హోమ్ అను తరగతి యంత్రమునుండి ఇతర యంత్రములలోనికి పోవచ్చునుగాని, దానిలోనికి ఈ పద్ధతిని రానీయదు. ప్రొఫెషనల్ తరగతికి ఆ సౌకర్యము కలదు. ఈ సంగతి తెలియక దినములకొలది రౌటరును నిందించుట వృథా.

మూడవది అపరిచయము. పాస్‌వర్డు అడిగినదనగా తీగలు, రౌటర్లు, ద్వారములు అన్నియు సరిగనే యున్నవని నిశ్చయించుకొనవచ్చును. వాని జోలికి పోరాదు. యంత్రము ముందు కూర్చున్నపుడు వాడు నాలుగంకెల పిన్ ఇచ్చట చెల్లదు, అసలు పాస్‌వర్డే కావలెను. పాస్‌వర్డు లేని ఖాతాను విండోస్ దూరమునుండి సామాన్యముగా రానీయదు. ఆ ఖాతాకు దూరప్రవేశపు అనుమతి కూడ నుండవలెను. పెద్ద కార్యాలయములలో రెండు యంత్రముల గడియారములకు అయిదు నిమిషములకు మించి తేడా యున్నను ప్రవేశము దొరకకపోవచ్చును. 2018 మే నెలలో మరియొక చిక్కు వచ్చినది. భద్రతకై మైక్రోసాఫ్టు చేసిన మార్పు ఒక కొసన చేరి, రెండవ కొసన చేరకపోవుటచే అనేకచోట్ల సంబంధములు తెగినవి. రెండు యంత్రములకును తాజా మార్పులు చేర్చుటయే దానికి సరియైన మందు.

ఇంతవరకు చేయవలసినవి చెప్పితిమి. చేయరాని దానిని చెప్పుట అంతకంటె ముఖ్యము. విసిగినవాడు మొదట చేయు పని ఫైర్‌వాలును తీసివేయుట. రెండవది, రౌటరులో 3389 ద్వారమును లోకమంతటికి తెరచుట. వెంటనే సంబంధము కుదురవచ్చును. పని అయినదని సంతోషించి, తెరచిన ద్వారమును మరచిపోవుదురు. అట్టి ద్వారములకై ఇంటర్నెట్టునంతటిని రేయింబవళ్లు గాలించు ప్రోగ్రాములు కలవు. 2019 మే నెలలో ఈ సేవలో "బ్లూకీప్" అను లోపమొకటి బయటపడినది. పాత విండోస్ యంత్రములలో పాస్‌వర్డు లేకయే చొరబడుటకు అది అవకాశమిచ్చినది. 2014లోనే మద్దతు మానిన ఎక్స్.పి.కి సైతము మైక్రోసాఫ్టు దిద్దుబాటును విడుదల చేయవలసివచ్చినదనగా ప్రమాదమెంతటిదో ఊహించుకొనవచ్చును. మనలను అడ్డగించినది లోపమే కానక్కరలేదు, తన పని తాను చేయుచున్న కావలివాడు కావచ్చును. వానిని తొలగింపక, మనలను గుర్తించునట్లు చేసికొనవలెను. బయటినుండి రావలసినవారు వి.పి.యన్. ద్వారా వచ్చుటయు, దీర్ఘమైన పాస్‌వర్డును, దానికి తోడు రెండవ గుర్తింపును వాడుటయు క్షేమము.

గృహస్థులు ఎరుగవలసిన మోసమొకటి కలదు. "మీ కంప్యూటరు చెడినది, మీ బ్యాంకు ఖాతా నిలిచిపోవుచున్నది, మేము సరిచేసెదము, ఈ యాప్ పెట్టుకొనుడు" అని ఎవరో ఫోను చేయుదురు. ఒప్పుకొన్నచో మన తెర వారి కంటబడును, బ్యాంకు పంపు రహస్యసంఖ్యయు కనబడును. ఇట్టి మోసములను గూర్చి 2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు హెచ్చరించినది. మనము కోరి, ఎరిగినవారిని పిలిచినపుడే తెరను చూపవలెను. కోరకయే వచ్చిన సహాయమును వెంటనే తిరస్కరింపవలెను. పొరపాటున సొమ్ము పోయినచో ఆలసింపక 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను.

తుదకు ఒక చిన్న సలహా. సంబంధము చక్కగా నున్న దినముననే, దూరపు యంత్రము పేరు, చిరునామా, విండోస్ తరగతి, అచ్చట అందుబాటులో నుండువారి ఫోను సంఖ్య ఒక కాగితముమీద వ్రాసి యుంచుకొనుడు. పాస్‌వర్డును మాత్రము అందు వ్రాయకుడు. చిక్కు వచ్చినపుడు ఒక్కొక్క మార్పునే చేసి చూచి, ఫలింపనిచో దానిని పూర్వస్థితికి తెచ్చి, పిదప రెండవదానిని ప్రయత్నింపుడు. పది మార్పులు ఒక్కసారి చేసినవానికి పని కుదిరినను, ఏది కుదిర్చినదో తెలియదు. ఏ ద్వారము తెరచి విడిచితినో అదియు తెలియదు.